సీపీయూ ఖాళీ, క్యూలో మాత్రం జనం: సీఐ వర్కర్లకు మీటర్లు పెట్టాక మాకు తెలిసింది

ఫోన్‌లో ఏదైనా యాప్‌కి అప్‌డేట్ వచ్చిందంటే, అది ప్లేస్టోర్‌కి చేరకముందు మనకు కనిపించని కొన్ని మెషిన్ల చేతుల మీదుగా వచ్చి ఉంటుంది. డెవలపర్ కోడ్ మార్చి సర్వర్‌కి పంపగానే ఆ కోడ్‌ని తీసుకుని కంపైల్ చేసి, టెస్టులన్నీ నడిపి, అన్నీ పాసైతే ఇన్‌స్టాల్‌కి రెడీగా ఉండే ప్యాకేజీ తయారుచేయడం వీటి పని. ఈ ఏర్పాటు పేరు కంటిన్యూయస్ ఇంటిగ్రేషన్. ఆఫీసుల్లో అందరూ సీఐ అనేస్తారు. మన ఊళ్లలో సీఐ అంటే వేరే అర్థం కదా. "సీఐ మళ్లీ ఫెయిలైంది, పొద్దున్నుంచి సతాయిస్తోంది" అని నేను ఫోన్‌లో అంటుంటే మా అమ్మ ఏదో స్టేషన్ గొడవ అనుకుని కంగారుపడింది.

ఫోన్ రివ్యూల్లో మనం బెంచ్‌మార్కులు, థ్రాట్లింగ్, స్క్రీన్ ఆన్ టైమ్ అంటూ ప్రతిదీ కొలుస్తాం. ఆ ఫోన్లలో నడిచే యాప్‌లను తయారుచేసే మెషిన్లను మాత్రం చాలా చోట్ల ఎవరూ కొలవరు. లేదంటే కొలవాల్సింది వదిలేసి ఇంకేదో కొలుస్తారు. నేను పనిచేసే కంపెనీలో జరిగింది రెండోది. హైదరాబాద్‌లో ఓ మోస్తరు సైజు ఆఫీసు, ఒక ఆండ్రాయిడ్ యాప్, పాతిక మంది డెవలపర్లు, సర్వర్ రూంలో ఆరు బిల్డ్ మెషిన్లు. వాడేది గిట్‌ల్యాబ్.

మధ్యాహ్నం మూడు దాటితే చాలు, నరకం. అందరూ అప్పుడే కోడ్ పంపుతారు, అందరి జాబులూ 'పెండింగ్' అని గుండ్రంగా తిరుగుతూ ఉంటాయి. ఒక రోజు లాగిన్ పనిచేయట్లేదని యూజర్ల నుంచి కంప్లైంట్లు వస్తుంటే, దానికి రెండు లైన్ల ఫిక్స్ సిద్ధం చేశాం. బిల్డ్ అవ్వడానికి పట్టేది 12 నిమిషాలు. ఆ 12 నిమిషాలు మొదలవ్వడానికే 50 నిమిషాలు ఆగాల్సి వచ్చింది.

మర్నాడు మీటింగ్‌లో రెండు వాదనలు. ఇన్‌ఫ్రా టీమ్ స్క్రీన్ మీద సీపీయూ గ్రాఫ్ పెట్టింది. ఆరు మెషిన్ల సగటు వాడకం 30 శాతం దగ్గర ఆడుతోంది. "మెషిన్లు ఖాళీగానే ఉన్నాయి, మొన్ననే 16 కోర్ల కొత్త మెషిన్ కూడా కొన్నాం, ఇంకేం కొనాలి?" అన్నారు. అయితే తప్పు టెస్టులదే అయ్యుండాలి అన్నారు మా మేనేజర్. యూఐ టెస్టులు ఈ మధ్య బాగా స్లో అయ్యాయి, వాటిని రాసింది నాలుగు నెలల క్రితం చేరిన ఫ్రెషర్ అమ్మాయి, ఇంకా ప్రొబేషన్‌లో ఉంది. "ఏ జాబ్ ఎవరిది, ఎవరి టెస్టులు ఎంతసేపు తింటున్నాయి, పేర్లతో సహా ఒక డ్యాష్‌బోర్డ్ కావాలి" అని నాకు అప్పజెప్పారు. మీటింగ్ అయ్యాక ఆ అమ్మాయి నా డెస్క్ దగ్గరికొచ్చి, "అన్నా, నా టెస్టుల వల్లేనా ఇదంతా?" అని అడిగింది. చెప్పడానికి నా దగ్గర డేటా ఏమీ లేదు. ఎవరి దగ్గరా లేదు.

వర్కర్ లోపల ఏం జరుగుతుంది?

బిల్డ్ మెషిన్‌లో కూర్చుని పని అందుకునే ప్రోగ్రామే వర్కర్. గిట్‌ల్యాబ్‌లో దీన్ని రన్నర్ అంటారు, జెంకిన్స్‌లో ఏజెంట్. సర్వర్ వచ్చి వీళ్లకు పని చెబుతుందని చాలామంది అనుకుంటారు. గిట్‌ల్యాబ్‌లో వ్యవహారం తిరగేసి ఉంటుంది. రన్నరే డీఫాల్ట్‌గా 3 సెకన్లకోసారి సర్వర్‌ని "పనేమైనా ఉందా?" అని అడుగుతుంది. ఉంటే తీసుకుంటుంది. తన చేతిలో అప్పటికే సరిపడా పని ఉంటే అసలు అడగదు.

ఆ చివరి వాక్యం గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. వర్కర్‌కి తను చేస్తున్న పని గురించే తెలుసు. బయట క్యూలో 20 జాబులు ఆగి ఉన్నాయన్న సంగతి దాని కంటికి ఆనదు. కాబట్టి వర్కర్‌కి ఎన్ని మీటర్లు బిగించినా, క్యూలో ఇంకా ఆగి ఉన్న జాబుల సంగతి తెలియాలంటే ఎలాగూ సర్వర్‌ని కూడా అడగాల్సిందే.

మీటర్ల విషయానికొస్తే, గిట్‌ల్యాబ్ రన్నర్‌లో అవి ముందే ఉన్నాయి, ఆన్ చేయాలంతే. సెట్టింగ్స్ ఫైల్లో 'లిజన్ అడ్రస్' అనే ఒక్క లైన్ రాసి 9252 పోర్ట్ ఇస్తే, ఆ అడ్రస్‌లో మామూలు టెక్స్ట్ పేజీ ఒకటి ప్రత్యక్షమవుతుంది. ఇప్పుడు ఎన్ని జాబులు నడుస్తున్నాయి, గరిష్ఠంగా ఎన్ని నడపొచ్చు, ఎన్ని ఫెయిలయ్యాయి, ఒక్కోటి ఎంతసేపు పట్టింది, అన్నీ అంకెల్లో. ఒక హెచ్చరిక: ఆ పేజీకి పాస్‌వర్డ్ ఉండదు. ఆఫీసు నెట్‌వర్క్ లోపలే ఉంచాలి, ఇంటర్నెట్‌కి తెరిచి పెట్టకూడదు.

ఆ పేజీని 15 సెకన్లకోసారి వచ్చి చదువుకుపోయేది ప్రోమీథియస్. 2012లో సౌండ్‌క్లౌడ్ కంపెనీలో మొదలైన ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్ ఇది. కుబర్నెటిస్ ఉన్న క్లౌడ్ నేటివ్ ఫౌండేషన్‌లోకి 2016లో రెండో ప్రాజెక్ట్‌గా చేరింది. మీటర్ రీడింగ్ తీసుకోవడానికి కరెంటాఫీసు మనిషి ఇంటింటికీ తిరిగినట్టు ఇది మెషిన్ మెషిన్‌కీ తిరుగుతుంది. మీటర్ తనంతట తాను ఎక్కడికీ వెళ్లదు.

రీడింగ్‌లలో ముఖ్యంగా మూడు రకాలు. కౌంటర్ అంటే బైక్ ఓడోమీటర్ లాంటిది, ఎప్పుడూ పెరగడమే. మొత్తం ఎన్ని జాబులు ఫెయిలయ్యాయి అన్నది కౌంటర్. రన్నర్ రీస్టార్ట్ అయితే సున్నాకి పడిపోతుంది కానీ, ప్రోమీథియస్ ఆ పడిపోవడాన్ని గమనించి లెక్క సరిచేసుకుంటుంది. గేజ్ అంటే పెట్రోల్ ముల్లు, పైకీ కిందకీ తిరుగుతుంది. ఇప్పుడు నడుస్తున్న జాబుల సంఖ్య గేజ్. హిస్టోగ్రామ్ కొంచెం వేరు. ప్రతి జాబ్‌కి పట్టిన టైమ్‌ని విడిగా దాచుకోకుండా, 30 సెకన్లలోపు ఎన్ని, నిమిషంలోపు ఎన్ని, 5 నిమిషాల్లోపు ఎన్ని అని డబ్బాల్లో వేసి లెక్కపెడుతుంది.

ఈ డబ్బాలెందుకు, సగటు చాలదా అంటారేమో. పది జాబుల్లో తొమ్మిది 10 సెకన్లు ఆగాయి, ఒకటి 40 నిమిషాలు ఆగింది అనుకోండి. సగటు చేస్తే 4 నిమిషాల చిల్లర వస్తుంది. ఆ పది మందిలో 4 నిమిషాలు ఆగినవాడు ఒక్కడూ లేడు! అందుకే ఇలాంటి చోట 95వ పర్సెంటైల్ చూస్తారు. జేఈఈ మెయిన్ రాసినవాళ్లకు పర్సెంటైల్ గురించి నేను చెప్పక్కర్లేదు. 95 శాతం జాబులు ఎంత టైమ్ లోపల మొదలయ్యాయి అన్నదే ఆ అంకె. మిగతా 5 శాతం బాధ దానికి పైన ఉంటుంది.

కొత్త మెషిన్ ఏం చేస్తోంది?

మొదటి రోజే దొరికింది అసలు దొంగ. 'కాంకరెంట్' అని ఒక గేజ్ ఉంటుంది, ఒక రన్నర్ ఒకేసారి ఎన్ని జాబులు నడపొచ్చో చెబుతుంది. ఐదు పాత మెషిన్లలో అది 2. అంత డబ్బు పోసి కొన్న 16 కోర్ల కొత్త మెషిన్‌లో 1.

గిట్‌ల్యాబ్ రన్నర్‌ని కొత్తగా రిజిస్టర్ చేస్తే డీఫాల్ట్‌గా వచ్చేది ఆ 1 అంకే. మార్చకపోతే అలాగే ఉండిపోతుంది. ఎర్రర్ రాదు, వార్నింగ్ రాదు, జాబులు పాసవుతూనే ఉంటాయి. సీపీయూ గ్రాఫ్‌లో ఆ మెషిన్ "ఆహా, ఎంత ఖాళీగా ఉందో" అన్నట్టు కనిపిస్తుంది. మనం చూసే గ్రాఫే తప్పైతే కొత్త హార్డ్‌వేర్ ఎంత కొన్నా లాభం లేదు. ఓవర్‌క్లాక్ చేసిన పీసీలో మెమరీ ప్రొఫైల్ ఆన్ చేయడం మర్చిపోయి, ర్యామ్ సగం స్పీడ్‌లో నడుస్తుంటే గమనించని కేసులు మనకు తెలిసినవేగా.

దీంతో పాటు సీపీయూ సగటు ఎందుకు మోసం చేసిందో కూడా తేలింది. ఆ 30 శాతం 24 గంటల సగటు. రాత్రి ఆఫీసు ఖాళీగా ఉన్నప్పటి సున్నాలు కూడా అందులో కలిశాయి. పోనీ మధ్యాహ్నం మాత్రమే చూసినా 50 శాతం దాటలేదు. కారణం ఏంటంటే, జాబ్ నడుస్తున్నంతసేపూ సీపీయూ కష్టపడదు. లైబ్రరీలు డౌన్‌లోడ్ అయ్యేదాకా కాసేపు, ఎమ్యులేటర్ బూట్ అయ్యేదాకా కాసేపు, డిస్క్ కోసం కాసేపు ఊరికే కూర్చుంటుంది. కానీ స్లాట్ మాత్రం ఆక్రమించుకునే ఉంటుంది.

ఇరానీ హోటల్ గుర్తుచేసుకోండి. టేబుళ్లన్నీ నిండి ఉంటాయి, ఒక్కో టేబుల్ దగ్గర ఒక్క చాయ్ పెట్టుకుని గంట కబుర్లు. బయట జనం నిలబడి ఉంటారు. లోపల చాయ్ మాస్టర్ ఖాళీ. మాస్టర్‌ని చూసి హోటల్ ఖాళీగా ఉందని చెప్పేస్తే ఎలా? టేబుళ్లు లెక్కపెట్టాలి. మా దగ్గర టేబుళ్లంటే స్లాట్లు: పాతవి 10, కొత్తది 1, మొత్తం 11. మధ్యాహ్నం నాలుగింటికి సగటున పదిన్నర స్లాట్లు నిండి ఉంటున్నాయి, అంటే 95 శాతం.

95 శాతం నిండితే ఇంకా 5 శాతం ఖాళీయే కదా అనిపిస్తుంది. ఇక్కడే మన అంచనాలు తప్పుతాయి. ఈ లెక్కకు పునాది వేసింది టెలిఫోన్లే. డెన్మార్క్‌లో కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఆగ్నర్ ఎర్లాంగ్, ఎక్స్‌ఛేంజ్‌కి వచ్చే కాల్స్ మీద 1909లో ఒక పేపర్ రాశాడు. క్యూల గణితం అక్కడ మొదలైంది. వాట్సాప్ సర్వర్లను రాసిన ఎర్లాంగ్ లాంగ్వేజ్ పేరు కూడా ఈయన నుంచి వచ్చిందే. ఈ గణితంలో అన్నిటికన్నా సింపుల్ సూత్రం ఒకే కౌంటర్, ఎప్పుడు పడితే అప్పుడు వచ్చే జనం అనే లెక్క మీద ఉంటుంది. కౌంటర్ 50 శాతం బిజీగా ఉంటే, ఒక్కో మనిషికి పట్టే టైమ్ ఎంతో అంత వెయిటింగ్. 80 శాతానికి దానికి 4 రెట్లు. 90కి 9 రెట్లు. 95కి 19 రెట్లు! కౌంటర్లు ఎక్కువుంటే పరిస్థితి ఇంత ఘోరంగా ఉండదు, కానీ గ్రాఫ్ ఆకారం అదే. చాలాసేపు ఫ్లాట్‌గా వెళ్లి, చివర్లో గోడ ఎక్కినట్టు లేస్తుంది. మేము గోడ మీద ఉన్నాం.

కొత్త మెషిన్‌లో ఆ 1ని 4 చేశాం. 8 పెడదామని ఒకరన్నారు కానీ, ఒక్కో జాబ్‌లో గ్రాడిల్‌తో పాటు ఎమ్యులేటర్ కూడా లేస్తుంది, ర్యామ్ చాలదు. 11 స్లాట్లు 14 అయ్యాయి. అదే పదిన్నర జాబుల లోడ్‌కి 95 శాతం కాస్తా 75కి దిగింది. కొత్తగా ఒక్క రూపాయి ఖర్చు లేదు.

మరి టెస్టుల సంగతి?

ఇది మాత్రం రన్నర్ ఇచ్చే మెట్రిక్స్‌తో తేలలేదు. వాటిలో జాబ్ పేరు ఉండదు. గిట్‌ల్యాబ్ ఏపీఐని అడిగితే మాత్రం ప్రతి జాబ్‌కీ పేరు, ఏ రన్నర్ మీద నడిచింది, ఎంతసేపు నడిచింది, ఎంతసేపు క్యూలో ఉంది అన్నీ ఇస్తుంది. వంద లైన్ల పైథాన్ స్క్రిప్ట్ ఒకటి రాసి, నిమిషానికోసారి పూర్తయిన జాబులను తెచ్చి ప్రోమీథియస్ చదివే పేజీగా మార్చా. పని సాయంత్రంలోపు అయిపోయింది. ఆలోచించాల్సి వచ్చింది ఏ లేబుల్స్ పెట్టాలన్న దగ్గరే.

లేబుల్ అంటే అంకెకు కట్టే చీటీ. మెషిన్ పేరు, జాబ్ పేరు, పాసా ఫెయిలా, ఇలాంటివి. ప్రతి కొత్త కాంబినేషన్ ప్రోమీథియస్‌కి ఒక కొత్త వరుస. 6 మెషిన్లు, 40 రకాల జాబులు, 3 రకాల ఫలితాలు, హిస్టోగ్రామ్‌లో 12 డబ్బాలు: గుణిస్తే 8,640. పర్లేదు, హాయిగా మోస్తుంది. దానికి బ్రాంచ్ పేరు కూడా తగిలించి, 300 బ్రాంచ్‌లు ఉన్నాయనుకుంటే దాదాపు 26 లక్షలు. మెమరీ అంతా ఇదే మింగేస్తుంది. జాబ్ నంబర్‌ని లేబుల్‌గా పెడితే ఇక అంతం ఉండదు. ట్యుటోరియల్స్‌లో ఈ విషయం చివర్లో ఎక్కడో చెబుతారు, నిజానికి మొదట్లోనే చెప్పాలి.

మేనేజర్ అడిగిన డెవలపర్ పేరు లేబుల్ పెడితే పాతిక రెట్లు, అంటే 2 లక్షల 16 వేల వరుసలు. "సార్, లోడ్ ఎక్కువైపోతుంది" అని ఈ లెక్క చూపించి తప్పించుకోవచ్చు. మా ఇన్‌ఫ్రా లీడ్ అక్క ఆ దారే చెప్పింది. నాకు అది నచ్చలేదు. రేపు ఇంకో 32 జీబీ ర్యామ్ వేస్తే ఆ అడ్డు కూడా పోతుంది, అప్పుడేం చెప్తాం? పేరు వద్దనడానికి అసలు కారణం వేరే ఉంది. జాబ్ టైమ్‌లో మనిషి చేతిలో ఉన్నది కొంతే. మెషిన్, కాష్, నెట్‌వర్క్, పక్కన నడుస్తున్న ఇంకో జాబ్, అన్నీ అందులో కలుస్తాయి. వాటన్నిటినీ కలిపి ఒకరి పేరు కింద రాసేస్తే అది కొలత కాదు. అందుకే మేనేజర్‌తో నేరుగా చెప్పా: "ముందు మెషిన్ల వారీగా చూద్దాం సార్, వారం టైమివ్వండి. అప్పటికీ తేలకపోతే పేర్ల గురించి మాట్లాడదాం." ఒప్పుకున్నారు, అయిష్టంగానే.

వారం తర్వాత గ్రాఫ్ ఇలా ఉంది. అవే యూఐ టెస్టులు, అదే కోడ్. నాలుగు మెషిన్ల మీద 9 నిమిషాలు. మిగతా రెండు పాత మెషిన్ల మీద 17 నుంచి 19. ఆ రెండింటి మీద మిగతా వాళ్ల జాబులు కూడా అంతే నత్తనడక. యూఐ టెస్టులు పెద్దవి కాబట్టి వాటిలో తేడా కొట్టొచ్చినట్టు కనిపించింది, అంతే.

కారణం డిస్క్. నోడ్ ఎక్స్‌పోర్టర్ అని ఇంకో చిన్న టూల్ ఉంది. అది మెషిన్ ఆరోగ్యాన్ని, అంటే డిస్క్, మెమరీ, నెట్‌వర్క్ అంకెలను 9100 పోర్ట్‌లో పెడుతుంది. దాంట్లో చూస్తే ఆ రెండు మెషిన్ల డిస్క్ ఎప్పుడూ 90 శాతం పైనే. పాత డాకర్ ఇమేజ్‌లు పేరుకుపోయాయి. డిస్క్ నిండబోతోందని గమనించే క్లీనప్ స్క్రిప్ట్ ఒకటి రోజుకు పది సార్లు లేచి, ఆ ఇమేజ్‌ల జోలికి పోకుండా గ్రాడిల్ కాష్‌ని ఊడ్చేస్తోంది. పాపం తర్వాత వచ్చిన ప్రతి జాబ్ లైబ్రరీలన్నీ మళ్లీ మొదట్నుంచి డౌన్‌లోడ్ చేసుకుంటోంది.

గ్రాఫ్ చూసి మేనేజర్ కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "ఆ రెండు మెషిన్లు ఎవరు చూస్తారు?" అన్నారు. అక్క నవ్వు ఆపుకోలేకపోయింది.

ఇమేజ్‌లు తీసేసి స్క్రిప్ట్ సరిచేశాక ఆ రెండూ మిగతావాటితో సమానంగా 9 నిమిషాలకు వచ్చాయి. అన్నీ కలిపి, మధ్యాహ్నం పూట క్యూలో ఆగే టైమ్ 95వ పర్సెంటైల్ 40 నిమిషాల దగ్గర నుంచి 5 నిమిషాల లోపుకి పడింది. ఇంకోటి కూడా చెప్పాలి. ఆ అమ్మాయి టెస్టులు పూర్తిగా కడిగిన ముత్యాలేం కాదు. గ్రాఫ్ అందరికీ ఓపెన్ చేశాక తనే చూసుకుని, స్క్రీన్ లోడ్ అయ్యేదాకా అని కొన్నిచోట్ల పెట్టిన 5 సెకన్ల నిద్రలను తీసేసి ఇంకో నిమిషంన్నర తగ్గించింది. ప్రొబేషన్ రివ్యూలో టెస్టుల మాట వచ్చింది కానీ, ఆ నిమిషంన్నర తగ్గించిన సందర్భంగా వచ్చింది.

ఇప్పుడు మాకు అలర్ట్ ఒక్కటే ఉంది: క్యూ టైమ్ 95వ పర్సెంటైల్ 10 నిమిషాలు దాటి, పావుగంట పాటు అలాగే ఉంటే గ్రూప్‌కి మెసేజ్ వస్తుంది. సీపీయూ అలర్ట్ తీసేశాం. బిల్డ్ మెషిన్‌లో సీపీయూ 100 శాతం కొట్టడం శుభవార్త, దానికోసమేగా కొన్నది.

ఇంట్లో ట్రై చేయాలంటే

పాత ల్యాప్‌టాప్ ఉన్నా చాలు, 4 జీబీ రాస్ప్‌బెర్రీ పై ఉన్నా చాలు. గిట్‌ల్యాబ్ ఫ్రీ అకౌంట్‌కి సొంత రన్నర్ తగిలించుకోవచ్చు, సొంత మెషిన్ మీద నడిచే జాబులు ఫ్రీ నిమిషాల కోటాలోంచి పోవు. రన్నర్, ప్రోమీథియస్, గ్రాఫుల కోసం గ్రఫానా, మూడూ ఒకే మెషిన్ మీద పెట్టేయొచ్చు. ఆండ్రాయిడ్ బిల్డ్ లాంటి భారీ పని పై నెత్తిన పెట్టకండి, చిన్న పైథాన్ ప్రాజెక్ట్ చాలు. కాంకరెంట్ 1 ఉంచి ఒకేసారి ఐదారు జాబులు పంపి క్యూ ఎలా పెరుగుతుందో చూడండి, తర్వాత 2 చేసి మళ్లీ చూడండి.

క్లౌడ్‌లో జాబ్‌కో మెషిన్ పుట్టి, పని అవ్వగానే చచ్చిపోయే సెటప్ అయితే ఈ పద్ధతి సరిపోదు. రీడింగ్ తీసేవాడు వచ్చేసరికి ఇల్లే ఉండదు. అలాంటి చోట పుష్‌గేట్‌వే వాడొచ్చంటారు కానీ, అందులో వేసిన అంకె మనం తీసేసేదాకా అలాగే ఉండిపోయి, పోయిన మెషిన్ ఇంకా బతికే ఉన్నట్టు చూపిస్తుంది. నా ఓటైతే అప్పుడు కూడా సర్వర్ ఏపీఐ దగ్గర నుంచి తెచ్చుకోవడానికే.

పై వాడేవాళ్లకు ఇంకొక్క మాట. ప్రోమీథియస్ డేటాని ఎస్‌డీ కార్డ్ మీద పెట్టకండి. డీఫాల్ట్‌గా 15 రోజుల డేటా దాస్తుంది, రోజంతా ఆగకుండా రాస్తూనే ఉంటుంది, మామూలు కార్డులు ఆ రాతలకు తట్టుకోవు. యూఎస్‌బీ పోర్ట్‌కి చిన్న ఎస్ఎస్‌డీ తగిలించి దాని మీద పెట్టుకోండి.